శ్రుతి ఎవరు పడుతున్నారు?

తెలుగులో పక్కవాద్యానికి గౌరవం తక్కువ. ఒకళ్లు చెప్పినదానికల్లా తలూపితే ‘వంత పాడుతున్నావా’ అంటాం. ‘తానా అంటే తందానా అంటున్నావు’ అంటాం. ‘తాళం వేస్తున్నావు’ అంటాం. పదవిలో ఉన్నవాళ్లని పొగిడితే ‘డప్పు కొడుతున్నాడు’, ‘బాకా ఊదుతున్నాడు’. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ నుడికారాలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాను. అన్నిటి వెనకా ఒకటే బొమ్మ. నడిమధ్యన ఒక పెద్ద గొంతు, దాని చుట్టూ సొంత బుద్ధి లేని చిన్న గొంతులు. ఆ బొమ్మ నాకు సంగీతం గురించి చెప్పినదానికన్నా సంసారం గురించి చెప్పిందే ఎక్కువ. ఆయన మాట, ఆవిడ వంత.

వంతని దగ్గరనుంచి చూసినవాళ్లెవరూ ఆ మాటని ఇంత చులకనగా వాడలేరు. బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబుర పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలు పట్టిన ఇద్దరు వంతలు. హాస్య వంత కథకుణ్ణి ఉన్నట్టుండి ఆపుతాడు, అడగకూడని ప్రశ్న అడుగుతాడు, కథని పక్కదారి పట్టిస్తాడు. రాజకీయ వంత వెనకటి కథని ఈనాటి సంగతుల్లోకి ఈడ్చుకొస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) ‘పల్నాటి యుద్ధం’ చెప్పినా ‘బొబ్బిలి యుద్ధం’ చెప్పినా, నాజర్ ఒక్కడి గొంతుతో అది బుర్రకథ కాదు. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం, ఆమె తోటివాళ్లు ఆడవాళ్ల బుర్రకథ దళం కట్టినప్పుడు, ఆడవాళ్లు వేదికెక్కి కథ చెప్పడాన్నే మనం ఎక్కువగా గుర్తు పెట్టుకున్నాం. నాకు దానికన్నా పెద్ద సాహసంగా కనిపించేది ఇంకొకటి. ముగ్గురు ఆడవాళ్లు వందలమంది ముందు ఒకరి మాటకి ఒకరు అడ్డం పడటం, ఎదురు ప్రశ్నలు వేసుకోవడం, ఆ ప్రశ్నల వల్లే కథ ముందుకి నడవటం. అసలు వంత అంటే అది.

ఇది రాయడానికి నాకు సొంత కారణం ఉంది. నేను మేళం ఇంట్లో పుట్టాను.

మాది పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో, చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు పోయే దారిలో ఒక పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇటు పల్నాడు, అటు బాపట్ల అయ్యాయి కానీ నేల మాత్రం అదే నల్లరేగడి, పైరు అదే పత్తి, అదే మిరప. మేం దూదేకులవాళ్లం. మా నాయనమ్మకి విల్లుతో దూది ఏకడం వచ్చు. మిల్లులు ఆ పని మింగేశాక మా వాళ్లకి పరుపులు కుట్టడం మిగిలింది, సన్నాయి మేళం మిగిలింది. నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకేవాడని ఆ మాటకి అర్థం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. చేసేది నమాజు. శ్రీరామనవమి పందిట్లో త్యాగరాజ కీర్తన ఎత్తుకునేది మా పెదనాన్నే. ఇందులో వింత ఏదో ఉందని నాకు యూనివర్సిటీలో పక్కవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని అడిగినప్పుడే తెలిసింది.

మా మేళం అయిదుగురు. పెదనాన్నది మొదటి సన్నాయి. పక్కన బాబాయిది రెండో సన్నాయి. ఒక డోలు మా నాయనది, ఇంకో డోలు మా మేనమామది. అయిదో మనిషి శ్రుతి. తాళానికి వేరే మనిషి దొరికిన రోజున ఆరుగురు. నాదస్వరమని కచేరీ సభల్లో అంటారు గానీ మా ఊళ్లో సన్నాయే.

మామూలు కర్ణాటక కచేరీలో గాయకులు రాగం ఆలాపన చేస్తున్నంతసేపూ మృదంగం మీద చెయ్యి పడదు. మేళంలో అట్లా కాదు. ఆలాపనకి లెక్క లేదు, తాళం లేదు. అయినా సన్నాయి ఒక పలుకు పలికి ఊపిరి తీసుకునే సందులో డోలు దూరుతుంది. ఎంతసేపు ఉండాలో, ఎక్కడ తప్పుకోవాలో ఎవరూ చెప్పరు. మా నాయన పెదనాన్న బుగ్గల వంక చూస్తూ ఉండేవాడు. బుగ్గ సడలకముందే ఆయన ఎడమచేతి పుల్ల లేచేది, కుడిచేతి వేళ్ల తొడుగులు డోలు మూత మీదికి వంగేవి. పెదనాన్న కల్యాణిలో మెల్లగా ఎక్కుతుంటే నాయన రెండు దెబ్బలతో ఊరుకునేవాడు. ఒక్కోసారి పెదనాన్న ఊహించని చోట ఆపేసేవాడు. అప్పుడు నాయన గబగబా ఒక పెద్ద జల్లు కురిపించి, ఆ జల్లు చివర ఒక ప్రశ్నలాగా నిలిపేవాడు. పెదనాన్న దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేడు. రెండో సన్నాయి ఇదంతా జరుగుతున్నంతసేపూ, పెదనాన్న వదిలిన స్వరం మీద నిలబడి ఉండేది. ఆయన తిరిగొచ్చేదాకా ఆ చోటుకి కాపలా కాస్తున్నట్టు.

ఇంత ఆటా ఒక ఆధారం మీద నడుస్తుంది. అది శ్రుతి. పూర్వం దానికి ‘ఒత్తు’ అనే వాద్యం ఉండేది. చూడటానికి సన్నాయే, కానీ స్వరాలు పలికించే వేళ్ల రంధ్రాలుండవు. ఒకటే స్వరం. ఊదేవాళ్లు ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ, నాదం తెగకుండా పట్టాలి. ఆ తర్వాత చేత్తో తిత్తి ఊపే శ్రుతిపెట్టె వచ్చింది. ఇప్పుడు కరెంటు పెట్టె. ఒక్కో మార్పుకీ మేళంలో ఆ మనిషి విలువ ఇంకాస్త తగ్గుతూ వచ్చింది. ఏ మేళంలో చూసినా శ్రుతి పట్టేది ఇంకా ఏమీ రాని పిల్లవాడు, లేదా ఇక ఏమీ రాదని తేలిపోయినవాడు.

మా ఇంట్లో 1990ల చివర్లో ఆ వయసు మగపిల్లవాడు లేడు. అట్లా శ్రుతిపెట్టె నా ఒళ్లోకి వచ్చింది. ఎనిమిదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా. “అమ్మాయ్, పందిరి కూలిపోనీ, తిత్తి మాత్రం వదలమాక” అని పెదనాన్న చెప్పిన ఒక్క మాటే నాకు దొరికిన సంగీత శిక్షణ.

శ్రుతి పట్టేవాళ్ల చోటు వెనక. నాకు నలుగురి వీపులు కనిపించేవి. చొక్కాల కింద ఎవరి ఊపిరి ఎప్పుడు నిండుతుందో, ఎవరి భుజం దేనికి సిద్ధమవుతుందో ఆ వీపుల్లో తెలిసిపోయేది. ముందు కూర్చుని వినేవాళ్లకి పాట వినిపిస్తుంది. వెనక కూర్చున్నదానికి పాట పుట్టకముందు జరిగేది కనిపిస్తుంది. ఎవరు ఎవరిని విన్నారో, ఎవరు వినీ విననట్టు ఊరుకున్నారో, చిన్నవాడు తీసుకొచ్చిన కొత్త పలుకుని పెద్దవాడు ఎట్లా తన పలుకుగా చేసుకున్నాడో. తర్వాత ఎన్నో ఏళ్లకి నేను స్త్రీల ఆత్మకథలు చదివేటప్పుడు ఆ చూపే పనికొచ్చింది. ఆత్మకథల్లో భర్త ముందుంటాడు, ఉద్యమం ముందుంటుంది. రాస్తున్న ఆవిడ వాక్యం వెనక కూర్చుని తిత్తి ఊపుతూ ఉంటుంది. ఇంటిపని గురించి మనం ఏం చెప్పుకున్నామో శ్రుతి గురించీ అదే చెప్పాలి. ఉన్నంతసేపూ ఎవరూ వినరు. ఆగిన క్షణంలో పందిరంతా వెనక్కి తిరిగి చూస్తుంది.

వినడం అనేదాన్ని నేను ఆ చోటనే ప్రేమించాను. దాన్ని అనుమానించడం కూడా అక్కడే మొదలైంది. గట్టిమేళం సంగతి అందరికీ తెలిసిందే. మంగళసూత్రం కట్టే వేళకి పురోహితుడు చెయ్యెత్తి వేళ్లు ఆడిస్తాడు. నడుస్తున్న కీర్తన ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది. రెండు సన్నాయిలూ రెండు డోళ్లూ ఒక్కసారిగా, ఎంత బలముంటే అంత బలంగా. తుమ్ముగానీ, ఏడుపుగానీ, అశుభం పలికే మాటగానీ ఆ క్షణాన ఎవరి చెవినా పడకూడదని. ఒక పెళ్లిలో నేను కూర్చున్న చోటు నుంచి పెళ్లికూతురి ముఖం సూటిగా కనిపించింది. చెయ్యి లేచింది, మేళం అందుకుంది. అదే క్షణంలో ఆ పిల్ల పెదాలు కదిలాయి. పక్కనున్న తల్లితో ఏదో అంది. తల్లి తల అడ్డంగా ఊపింది. అంతే. ఒకరి ఊపిరిని ఒకరు వినగలిగే అంత గొప్ప చెవులున్న మేళం ఆ ఒక్క మాట ఎవరికీ వినపడకుండా చూసే పనికి వాడుకోబడింది. వినడం గొప్ప కళే. ఎవరిని వినాలో ఎవరిని వినక్కర్లేదో ఆ కళ పుట్టకముందే ఎవరో నిర్ణయించి పెట్టారు.

పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. శ్రుతిపెట్టె అప్పటికి ఎదిగొచ్చిన బాబాయి కొడుకు చేతికి మారింది. రెండేళ్లకి వాడి చేతికి సన్నాయి కూడా ఇచ్చారు. నాకెందుకు నేర్పరని అడిగితే ఇంట్లో మూడు కారణాలు చెప్పారు. బుగ్గలు పూరించి ఊదితే ఆడపిల్ల ముఖం చెడుతుంది. అంత ఊపిరి బిగబడితే కడుపు చెడుతుంది. గుడికి పోవాల్సిన వాద్యం, నెలకి కొన్నాళ్లు అంటుకోకూడని మనిషి చేతిలో ఎట్లా ఉంటుంది. నమాజు చేసే మా ఇంట్లో గుడి మైల ఇంత భద్రంగా ఎట్లా కూర్చుందో ఆ వయసులో నాకు తట్టలేదు. మతాల మధ్య గోడలు దాటిన మేళం ఆడదాని ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మా వాళ్ల మేళాన్ని మతసామరస్యానికి గుర్తుగా చూపిస్తూ రాసిన వ్యాసాలు చదువుతున్నప్పుడు ఈ సంగతి నాకు ప్రతిసారీ అడ్డం పడుతుంది.

మేళం బతికింది దేనిమీద అన్న లెక్క కూడా ఆ వ్యాసాల్లో ఉండదు. పెళ్లిళ్లు మాఘంలో, ఫాల్గుణంలో, వైశాఖంలో. ఆషాఢంలో లేవు, మూఢం వస్తే లేవు. మేళం డబ్బులు వచ్చినప్పుడు వస్తాయి. మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని చలికాలమంతా పత్తి తీతలకి పోయేవాళ్లు, సంక్రాంతి దాటాక మిరపకోతలకి. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవాళ్లు. ఆ చేతులతో పిల్లల్ని ముట్టుకోకూడదు, సొంత కళ్లు తుడుచుకోకూడదు. మగవాళ్లు రాగం మీద సాధకం చేసుకోగలిగిన ఖాళీ నెలలన్నీ ఆడవాళ్ల కూలి డబ్బుల మీద నిలబడ్డవే. శ్రుతి పట్టింది నేనొక్కదాన్నే కాదు.

అమ్మ ఏనాడూ డోలు ముట్టుకోలేదు. కానీ మా ఇంట్లో అసలు విమర్శకురాలు అమ్మే. తెల్లవారుజామున సాధకం జరుగుతుంటే పొయ్యి దగ్గర నుంచి అనేది, “ఏందయ్యా, మళ్లీ తొందరపడుతున్నావు. బావగారు ఇంకా దిగలేదుగా.” నాయన విసుక్కునేవాడు. విసుక్కుంటూనే సరిచేసుకునేవాడు. మిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఆమె సన్నాయి పలుకుల్ని నోటితో పలికేది. డోలు దెబ్బలు పిన్ని అందుకునేది. ఒకరి మాట తెగనిచ్చి ఇంకొకరు, నవ్వు, మళ్లీ పలుకు. ఆ మేళాన్ని ఎవరూ పందిట్లోకి పిలవలేదు. దానికి పేరు కూడా లేదు.

జాజ్ దగ్గరికి నన్ను తీసుకెళ్లింది సాహిత్యమే. టోనీ మారిసన్ ‘జాజ్’ నవల (1992) చదువుతూ, ఆ పేరెందుకు పెట్టిందో తెలియాలంటే ఆ సంగీతం వినాలనుకున్నాను. వింటూ వింటూ ఒక అయిదుగురి దగ్గర ఆగిపోయాను. ట్రంపెట్ మైల్స్ డేవిస్, శాక్సోఫోన్ వేన్ షార్టర్, పియానో హెర్బీ హాంకాక్, బేస్ రాన్ కార్టర్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. 1964 నుంచి 1968 దాకా కలిసి వాయించారు. విలియమ్స్ 1963లో డేవిస్ దగ్గర చేరేనాటికి వాడికి 17 ఏళ్లు. మా ఇళ్లల్లో అయితే శ్రుతిపెట్టె దాటి ముందుకొచ్చే వయసు.

అప్పటిదాకా జాజ్ బృందాల్లో ఒక పద్ధతి ఉండేది. అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు. ఆ తర్వాత ఊదే వాద్యాలవాళ్లు వంతులవారీగా తమ ఊహ వాయిస్తారు. పియానో, బేస్, డ్రమ్స్ కింద ఉండి వాళ్లని మోస్తాయి. ఈ అయిదుగురిలో కింద ఉండాల్సిన ముగ్గురూ కింద ఉండలేదు. 1965 డిసెంబరులో షికాగోలోని ప్లగ్డ్ నికెల్ అనే క్లబ్బులో వాయించినవి రికార్డులుగా దొరుకుతాయి. అక్కడికి వెళ్లేముందు విలియమ్స్ ఒక ప్రతిపాదన పెట్టాడని హాంకాక్ చెప్పాడు. మనవాళ్లు మన నుంచి ఏం ఎదురుచూస్తారో దానికి వ్యతిరేకంగా వాయిద్దాం, ఎవరైనా ఉరకలేస్తే అండగా ఉరకొద్దు, చల్లబడిపోదాం అని. వింటే అది తెలుస్తుంది. అందరికీ తెలిసిన పాట మధ్యలో డ్రమ్స్ మాయమవుతుంది. పియానో చాలాసేపు పలకదు. వేగం ఎవరి ఆజ్ఞా లేకుండా మారిపోతుంది, మిగతావాళ్లు ఆ మార్పుని తప్పుగా చూడరు, కబురుగా తీసుకుంటారు. హాంకాక్ తరచూ చెప్పే ఇంకో సంగతి ఉంది. యూరప్‌లో ఒక కచేరీలో తను పూర్తిగా తప్పు తీగమేళం వాయించాడట. డేవిస్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు ఒప్పు అయ్యే స్వరాలు వాయించాడట. తప్పు దానంతట అది తప్పు కాదు. దాన్ని ఎవరు విన్నారు, విని ఏం చేశారు అన్నదాని మీద అది తప్పో ఒప్పో తేలుతుంది.

ఇది చదివి నేను మురిసిపోయిన మాట నిజం. పెదనాన్న బుగ్గలు, నాయన పుల్ల, అన్నీ గుర్తొచ్చాయి. కానీ స్త్రీవాదం నేర్చుకున్న చెవికి కచేరీ అయిపోయాక కూడా వినడం ఆగదు. ఆ అయిదుగురూ కలిసి స్టూడియోలో చేసిన మొదటి రికార్డు ‘ఇ.ఎస్.పి.’, 1965. దాని అట్ట మీద డేవిస్‌తోపాటు ఒక స్త్రీ ఉంటుంది. ఆమె ఫ్రాన్సెస్ టేలర్, అతని భార్య. నర్తకి. 1957లో బ్రాడ్వేలో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ తొలి బృందంలో నాట్యం చేసిన మనిషి. అతని పట్టుదల వల్లే ఆ వేదిక వదులుకుంది. అతను ఆమెను కొట్టేవాడు. ఇది ఎవరో వేసిన నింద కాదు, 1989లో వచ్చిన ఆత్మకథలో అతనే చెప్పుకున్నాడు. ఆ రికార్డు వచ్చిన ఏడాదే ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోయింది. 17 ఏళ్ల కుర్రాడి డ్రమ్స్‌లో చిన్న సడిని కూడా వినగలిగిన చెవికి ఇంట్లో మనిషి భయం వినిపించలేదు. 1990లో నల్లజాతి రచయిత్రి పెర్ల్ క్లీజ్ ‘మ్యాడ్ ఎట్ మైల్స్’ అనే పుస్తకంలో ఈ విషయాన్ని నిలదీసింది. ఆడదాన్ని కొట్టిన చేతి నుంచి వచ్చిన సంగీతాన్ని మనం మన ప్రేమకీ మన ఏకాంతానికీ ఎట్లా నేపథ్యంగా పెట్టుకుంటున్నాం అని.

నేను ఆ రికార్డులు వినడం మానలేదు. మానాలని ఎవరికీ చెప్పను కూడా. కానీ ‘గుంపుగా కలిసి సృష్టించడం’, ‘ఒకరినొకరు వినడం’ అనే మాటలు విన్నప్పుడల్లా ఆ వలయం ఎక్కడ ఆగిందో చూస్తాను. షికాగోలో అది వేదిక అంచున ఆగింది. మా ఊళ్లో పొయ్యి దగ్గర ఆగింది.

ఒక సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకి ఈ అయిదుగురి పాట ఒకటి వినిపించాను. పేరు ‘నెఫర్టీటి’, కట్టినవాడు వేన్ షార్టర్, 1967లో రికార్డు చేశారు. దాదాపు ఎనిమిది నిమిషాలు. అమ్మ తొడిమలు తీయడం ఆపకుండానే విన్నది. మూడు నిమిషాలయ్యాక అడిగింది, “ఇందులో శ్రుతి ఎవరు పడుతున్నారే?”

జాజ్‌లో మన శ్రుతి లాంటిది ఉండదమ్మా అని చెప్పబోయి ఆగాను. ఎందుకంటే ఆ పాటలో జరిగేది అదే. ట్రంపెట్, శాక్సోఫోన్ రెండూ మొదటి నుంచి చివరిదాకా ఒకే వరసని మళ్లీ మళ్లీ ఊదుతుంటాయి. సొంత ఊహ వాయించవు. వాళ్లు అట్లా నిలబడి ఉంటే పియానో, బేస్, ముఖ్యంగా డ్రమ్స్ చెలరేగిపోతాయి. రికార్డు అట్ట మీద ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుందో ఆ మనిషి ఆ ఎనిమిది నిమిషాలూ శ్రుతి పట్టాడు. రెండు ఊదే వాద్యాలూ ఒక్కోచోట ఒకదాని వెనక ఒకటి చిన్న నీడలాగా జరుగుతాయి, అంతే. “అయితే పెద్దాయనే పడుతున్నాడన్నమాట” అన్నది అమ్మ. ఆమె గొంతులో మెచ్చుకోలు లేదు, ఒక పని పద్ధతి తెలుసుకున్నట్టు ఉంది. కాసేపయ్యాక, “మీ పెదనాన్న ఏనాడైనా పట్టాడా?” అని అడిగింది. పట్టలేదు. ఆమెకి తెలుసు.

సంగీతంలో కలిసి సాహసం చేయడమంటే అందరికీ తలా కాస్త సమయం ఇవ్వడమని అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అట్లా అనుకోవడం లేదు. వాయించే వంతులు ఎప్పుడూ ఉన్నాయి. పట్టే వంతులు లేవు. ముందు కూర్చునేవాళ్లు వెనకొచ్చి తిత్తి పట్టుకోనంతకాలం వెనకున్నవాళ్ల స్వేచ్ఛ ముందున్నవాళ్లు ఇచ్చే బహుమానంగానే ఉంటుంది.

మా ప్రాంతం నుంచే ఇంకో దారి కూడా బయలుదేరింది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరుల దగ్గరికి వెళ్లి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడాదే పోయాడు. ఆయన శిష్యుల్లో ఒక జంట ఉంది. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్. భార్యాభర్తలు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. కాలీషాబీ ముఖం చెడలేదు. ఆమె బుగ్గలు పూరించి ఊదుతుంటే సభ లేచి నిలబడుతుంది. మా ఇంట్లో చెప్పిన మూడు కారణాలకీ ఆమె ఊపిరే జవాబు.

అయితే నేను వాళ్ల కచేరీల్లో వినేది ఆమె గెలుపుని కాదు. ఆలాపనలో ఆయన ఒక పలుకు దగ్గర ఆగి స్వరం పట్టి నిలబడతాడు, ఆమె అందుకుంటుంది. ఆమె దాన్ని ఒక చోటికి తీసుకెళ్లి నిలబడుతుంది, ఆయన అక్కడి నుంచి బయలుదేరతాడు. కాపలా కాయడం ఒకరి ఉద్యోగం కాదు అక్కడ. వాళ్ల ఇంటి సంగతులు నాకు తెలియవు, వాటి గురించి తీర్పులు చెప్పను. వేదిక మీద మాత్రం ఒక ఆడమనిషి పట్టిన స్వరం మీద మగమనిషి నడవడమూ, ఆయన పట్టిన స్వరం మీద ఆమె నడవడమూ నేను చెవులారా విన్నాను. ఆ రెండోది మా ఇంట్లో ఒక్కసారి జరిగి ఉంటే నేను ఇవాళ సాహిత్యం చదివిన మనిషిని అయ్యేదాన్నో కాదో.

ఇప్పుడు పెళ్లి పందిళ్లలో డీజే పెట్టెలు వచ్చాయి, మేళాలు తగ్గాయి. పెదనాన్న లేడు. నాయన డోలు అటక మీదికి ఎక్కింది. బాబాయి కొడుకు సన్నాయి పక్కనపెట్టి గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తున్నాడు. మేళం పోతోందని బాధపడుతూ రాసేవాళ్లున్నారు, నాకూ ఆ బాధ ఉంది. కానీ మేళంలోని ఏది నిలబెట్టుకోవాలో, ఏది పోతే మంచిదో చెప్పే హక్కు వీపుల వెనక కూర్చున్నవాళ్లకీ ఉంది.

మనం నడుపుకునే సభల్లో, సంఘాల్లో, పత్రికల్లో కూడా ఒక చూపు ఇట్లా వేయొచ్చు. మాట్లాడే వంతుల కోసం మనం చాలా పోట్లాడాం, పోట్లాడాల్సిందే. కుర్చీలు వేసినవాళ్లు, ప్రూఫులు దిద్దినవాళ్లు, మీటింగు జరుగుతున్నంతసేపూ బయట పిల్లల్ని ఆడించినవాళ్లు ఎవరో, ఆ పనులు ప్రతిసారీ ఆ ఇద్దరి ముగ్గురి దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయో, వాళ్లు ఏ కులంవాళ్లో, ఏ వయసువాళ్లో లెక్క వేసుకోవాలి. మైకు చేతులు మారితే చాలదు. తిత్తి కూడా చేతులు మారాలి. కొత్త బృందం ఏదైనా మొదలైందని ఎవరైనా నాకు సంబరంగా చెప్పినప్పుడు నేను అడిగేది ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్నే.